వడ్డించే కణాలు

పరిశోధనశాలలో అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ గాజుపళ్లేల్లో మెదడు కణాలను పెంచుతుంది. మూత తీసి, "తిను తల్లీ" అని బుజ్జగించందే వాటికి ఆహారద్రవం పొయ్యదు. ఇంట్లోనూ అంతే, అందరూ తిన్నాకే తన కంచం. "ఇంతకీ అక్కడ ఏం చేస్తావే?" అని ఓసారి అత్తగారు అడిగితే, గరిటె తిప్పుతూనే చెప్పింది. "హెచ్ఐవీ మెదడులోకి చేరినా నరాల కణాల జోలికి పోదత్తయ్యా. వాటికి తిండిపెట్టి, చెత్త ఎత్తే సహాయక కణాల్లో దూరుతుంది. పెట్టే చెయ్యే జబ్బుపడితే తినేవాళ్లు బతుకుతారా? నరాలు చితికిపోతాయి."

"మరి ఆ పెట్టేవాళ్లకి ఎవరు పెడతారే?"

"వాళ్ల సంగతి ఎవరికి పట్టింది? అందుకేగా నా ఉద్యోగం!" అని గొప్పగా నవ్వింది.

ఆ వారమే ఒళ్లు పెనంలా కాలుతున్నా, "నేను పడుకుంటే ఇల్లు నడుస్తుందా?" అంటూ తుమ్ముతూనే ఇంటిల్లిపాదికీ వడ్డించింది. రెండు రోజులు తిరక్కుండా మామగారూ మొగుడూ పిల్లలూ వరసగా దుప్పట్లు కప్పుకున్నారు. అయినా పెద్దక్క గరిటె వదిలితేనా! చివరికి మిగిలిన అత్తగారే దాన్ని లాక్కున్నారు. "చదువంతా ఆ పళ్లేల్లోనే వదిలేసి వచ్చావా?" అని కసురుతూ కుర్చీలో కూర్చోబెట్టి, అన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చారు. ఇన్నేళ్లుగా కణాలకు తను చెప్పే మాటను, పెద్దక్క మొదటిసారి ఇంకొకరి నోట వింది.

"తిను తల్లీ."