కవరు విప్పని పట్టీ

మా ఇంట్లో కొత్త వస్తువుకి కవరు తీయడం అంత తేలిగ్గా జరిగే పని కాదు. టీవీతో వచ్చిన రిమోటు దాని ప్లాస్టిక్ తొడుగులోనే ముసలిదై చచ్చిపోయింది. నాన్న చేతి గడియారం అద్దం మీది పల్చటి పొర మసకబారి, అంకెలు కనబడక ఆయన పక్కవాళ్లని టైము అడిగేవాడు గానీ, ఆ పొర పీకనిచ్చేవాడు కాదు. "ఒక్కపాలి ఇప్పినంక అది పాతదే అయితది" అనేవాడు. భోపాల్‌పట్నం దగ్గరి పల్లె మాది. ఒకసారి కొన్నది పాడైతే మళ్లీ కొనే ఇళ్లు కావు మావి. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసిన తప్పుకి వేరు అక్కడే ఉంది. జగదల్‌పూర్‌లో మందుల చదువు చదువుకున్నవాణ్ని కదా, ఆ జబ్బు నాకు అంటలేదనుకున్నాను.

అవి ఇనుప రాయి తవ్వే కొండ మీంచి లారీలు తెరిపి లేకుండా దిగుతున్న రోజులు. రోడ్డు, ఆకులు, మా చొక్కాలు, అన్నం గిన్నె మీద మూత, అన్నీ ఎర్రగా ఉండేవి. ఆ రోడ్డు పక్క అడవిలో గస్తీ తిరిగే ప్రత్యేక పోలీసు దళంలో నేను వైద్య సహాయకుణ్ని. అందరూ "డాక్టర్ సాబ్" అనేవారు. అందులో సగం గౌరవం, సగం వెటకారం.

అలా పిలవనివాడు ఒక్కడే. ఇంద్రావతి ఒడ్డున మా ఊరికి రెండు ఊళ్ల అవతలివాడు. చేరిన మొదటి రోజే నా యాస విని వరస కలిపేశాడు. వాడికి నేను బావ, నాకు వాడు బావ. దళంలో మిగతా అందరితో హిందీలో మాట్లాడి మాట్లాడి ఎండిపోయిన నాలుక వాడి దగ్గర తడిసేది. తప్పు నాదే అని చెప్పినా నమ్మని మనిషి ఒకడు ఉండటం ఎంత ప్రమాదమో అప్పుడు నాకు తెలియదు.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక మా అధికారి పిలిచి, దళానికి కొత్త వైద్య సామాను రాబోతోందనీ, ఏమేం కావాలో నేనే ఎంచాలనీ చెప్పాడు. నేను పొంగిపోయాను. పెళ్లి సంబంధం చూసినట్టు చూశాను ఆ సామానుని. సంచీ నా వీపు మీదే ఉంటుంది కాబట్టి ప్రతిదీ తూకం వేశాను. సెలైన్ సీసాలు నాలుగు అనుకుని రెండుకి దిగాను. మలేరియా పరీక్ష చీటీలు, విరేచనాల పొడి పొట్లాలు మాత్రం తగ్గించలేదు. మావాళ్లని తూటా కన్నా దోమ ఎక్కువసార్లు పడగొట్టింది. బట్టలు కోసే పెద్ద కత్తెర ఒకటే తీసుకున్నాను. వానకి తుప్పు పడుతుందని దానికి నూనె రాసి, గుడ్డలో చుట్టి, సంచీ అడుగున పెట్టాను. అడుగున! ఇప్పుడు తలచుకుంటే నా నెత్తి నేనే మొత్తుకోవాలనిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది రక్తం ఆపే పట్టీ. కాలికో చేతికో గాయానికి పైన చుట్టి, దానికున్న చిన్న కర్రని మెలిపెడితే రక్తనాళం నొక్కుకుని రక్తం ఆగుతుంది. పట్టీ కొస అంటుకోవడానికి పిల్లల బూట్లకుండే గరుకు అంటు ఉంటుంది, లాగితే చర్రుమంటుంది. మనిషికొకటి, అందరికీ ఎడమ జేబులోనే, ఎవరిది వాళ్లే కట్టుకునేలా. గాయపడ్డవాడి దగ్గరికి నేను చేరేలోగా వాడి ప్రాణం వాడి జేబులోనే ఉండాలని దాని ఉద్దేశం.

నమూనాగా వచ్చిన పట్టీని నేను గని రోడ్డు మీద వారం రోజులు వాడి చూశాను. ఎర్రదుమ్ము ఆ గరుకులో కూరుకుపోయింది. కర్ర మెలిపెడితే కొస జారిపోయింది. అమెరికా కనిపెట్టినంత సంబరపడ్డాను. ఇంత చదువుకున్న కంపెనీవాళ్లకి తట్టని సంగతి నాకు తట్టింది కదా! పట్టీలు రాగానే ఒక నియమం పెట్టాను. కంపెనీ కవరు విప్పకూడదు. దాని మీద ఇంకో పాలిథిన్ సంచీ. ఆ సంచీ మూతికి సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు వేసి రెండు చుట్లు.

జవాన్లు కిక్కురుమనకుండా ఒప్పుకున్నారు. ఆ పట్టీ ఒక్కొక్కరి పేరు మీదా స్టోరు రిజిస్టరులో ఎక్కింది మరి. సీలు తీసిన సామాను వెనక్కి ఇవ్వబోతే స్టోరు మున్షీ పది ప్రశ్నలు వేస్తాడు. సీలు అలాగే ఉంటే ఎవరికీ గొడవ లేదు. మా అధికారి మెచ్చుకుని, నా నియమాన్ని కాగితం మీద పెట్టి మిగతా దళాలకి కూడా పంపించాడు.

అడ్డు చెప్పింది తోంగ్‌పాల్ వైపు నుంచి వచ్చిన హవల్దారు ఒక్కడే. రిటైరు కావడానికి దగ్గరపడ్డ మనిషి. మా పక్కన ఉండీ ఉండీ తెలుగు కొంత పట్టుబడింది.

"డాక్టర్ సాబ్, ఇది అచార్ హై క్యా? ఊరగాయ లెక్క మూత కట్టి పెట్టేది?" అన్నాడు.

"దుమ్ము పడితే పనిచెయ్యదు దాదా."

"దుమ్ము పడితే దులుపుతాం. కవర్ల ఉంటే ఏం జేస్తం?"

ఆయన తన పట్టీ విప్పి, జేబు మీద బయటికే తగిలించుకున్నాడు. ప్రతి సోమవారం నేను చేసే తనిఖీలో ఆయనకి అందరి ముందూ చీవాట్లు పెట్టాను. నా తండ్రి వయసు మనిషికి. ఆయన పట్టీని తొడకేసి రెండుసార్లు కొట్టి దుమ్ము దులిపి మళ్లీ తగిలించుకున్నాడు. అదే తనిఖీలో బావ పొట్లం తీసి పైకెత్తి చూపించాను. ఇస్త్రీ చేసినట్టుంది. "చూడండి, ఇలా ఉండాలి" అన్నాను. వాడు సిగ్గుపడి నవ్వాడు.

కట్టడం ఎలాగో నేర్పలేదని కాదు. ప్రతి వారం నేర్పాను. అయితే అందుకు ఆ పాత నమూనా పట్టీనే చేతులు మారుస్తూ వాడాం. ఒక్కొక్కడూ కళ్లు మూసుకుని కట్టగలిగేవాడు. పొట్లం విప్పడం మాత్రం ఒక్కరూ, ఒక్కసారీ చేసి చూడలేదు.

చలికాలం మొదట్లో ఒక ఉదయం. ఎండ వెచ్చగా ఉంది. కల్వర్టు దాటి రోడ్డు దిగుతుండగా ముందు మందుపాతర పేలింది. దుమ్ము తగ్గాక చూస్తే పడిపోయింది బావ. కుడికాలు పాదం దగ్గర కాలులా లేదు. నాకూ వాడికీ మధ్య దూరం ఒక ఇంటి వాకిలంత. కానీ ఇంకోటి ఉందేమోనని నేల గాలించే జవాను దారి చూసి చెయ్యి ఊపేదాకా ఎవరూ కదలకూడదు. నేను కాలు కాలిన పిల్లిలా నిలుచున్న చోటే తిరుగుతూ అరిచాను.

"కట్టుకో బావా! నీ పట్టీ తియ్యి! కట్టుకో!"

వాడు తీశాడు. నా కళ్ల ముందే తీశాడు. ఎడమ జేబులోంచి పొట్లం పైకొచ్చింది. వాడి వేళ్లు ఆ రబ్బరు చుట్టు కింద దూరడానికి ప్రయత్నిస్తున్నాయి. ఒక చుట్టు వచ్చింది. రెండోది రక్తానికి జారిపోతోంది. వాడు చెయ్యి చొక్కాకి తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. అంత బాధలోనూ పాలిథిన్ చించెయ్యాలని వాడికి తోచలేదు. జాగ్రత్తగా విప్పుతున్నాడు.

దారి ఇచ్చేసరికి వాడి పెదాలు తెల్లబడ్డాయి. నేను నేర్చుకున్న ప్రకారం ముందు చేతి తొడుగులు వేసుకున్నాను. వాడి చేతిలోని పొట్లం తీసుకుంటే, ఆ తొడుగుల్తో పాలిథిన్ సబ్బుముక్కలా జారింది. పళ్లతో చింపాను. లోపల కంపెనీ కవరు. చించడానికి దాని అంచున ఎక్కడో చిన్న గాటు ఉంటుంది, అది దొరకలేదు. మళ్లీ పళ్లు పెట్టాను. కత్తెర గుర్తొచ్చింది. సంచీ అడుగున, గుడ్డలో.

"రెండు చుట్లేసిన బావా," అన్నాడు వాడు. గొంతు ఎక్కడో లోపల్నుంచి వచ్చింది. "నువ్వు జెప్పినట్టే ఏసిన."

ఇంతలో నా భుజాన్ని పక్కకి తోసి హవల్దారు మోకాళ్ల మీద కూర్చున్నాడు. జేబు మీది పట్టీ ఒక్క లాగుతో ఊడదీసి, తొడకేసి రెండుసార్లు కొట్టాడు. చర్రుమంది. దుమ్ము ఉందేమో, కొస కొంచెం జారబోయింది. ఆయన దాని మీద తన మెడలోని గంఛా గుడ్డ బిగించి ముడివేశాడు. కర్ర మెలిపెట్టాడు. రక్తం ఆగింది. నా నోట్లో ఇంకా కవరు ముక్క ఉంది.

జగదల్‌పూర్ ఆసుపత్రిలో బావ బతికాడు. పాదం ఎలాగూ దక్కేది కాదని సర్జను అన్నాడు. ఆ మాటతో నేను ఊపిరి పీల్చుకోబోతుంటే, ఇంకో మాట కలిపాడు. ఒంట్లో రక్తం ఇంకొంచెం ఉండి ఉంటే మోకాలు నిలపడానికి చూసేవాళ్లమనీ, అంతసేపు ఆపరేషను తట్టుకునే స్థితిలో లేడు కాబట్టి మోకాలి పైనుంచి తీసేయాల్సి వచ్చిందనీ. మోకాలు ఉన్నవాడు పెట్టుడుకాలుతో నడుస్తాడు, లేనివాడు దాన్ని ఈడుస్తాడు. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

క్యాంపుకి తిరిగొచ్చి అందరి కవర్లూ నేనే చించి పారేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. తరవాత మా అధికారి నన్ను రిపోర్టు రాయమన్నాడు. "గాయపడిన జవానుకు సకాలంలో పట్టీ కట్టబడింది" అని రాశాను. కట్టబడింది! ఎవరు కట్టారో, ఎంతసేపటికి కట్టారో చెప్పకుండా తప్పించుకోవడానికి ఆ మాట నాకు భలే పనికొచ్చింది. సాక్షిగా హవల్దారు సంతకం కావాలి. ఆయన చదివాడు, నా మొహం చూశాడు, సంతకం పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు భయం వేసింది, అంతే. ఉద్యోగం పోతుందని కూడా కాదు. "డాక్టర్ సాబ్" అన్న పిలుపులో ఆ సగం గౌరవం కూడా పోతుందని.

వేసవిలో సెలవు దొరికితే బావని చూడటానికి వెళ్లాను. భోపాల్‌పట్నంలో బస్సు దిగి, ఆటో ఎక్కి, చివర కొంత నడిచి. వాడు వాకిట్లో మంచం మీద కూర్చుని మోదుగాకులు సర్దుతున్నాడు. పక్కన చంక కర్రలు. నన్ను చూసి ఇంట్లోకి కేకేశాడు: "ఇగో, నా పాణం నిలబెట్టినాయిన వచ్చిండు, సాయ పెట్టు!"

నాకు అక్కడ్నుంచే వెనక్కి పోవాలనిపించింది.

వాడి భార్య చాయ్ తెచ్చింది. పెట్టుడుకాలు ఇచ్చారట కదా, ఏదని అడిగాను. వాడు గోడ వైపు చూపించాడు. దండెం పక్కన మేకుకి వేలాడుతోంది. కంపెనీ ప్లాస్టిక్ అలాగే ఉంది. దాని మీద యూరియా సంచీ తొడిగి, మూతికి సైకిల్ ట్యూబు రబ్బరు బిగించి ఉంది. లెక్కపెట్టక్కర్లేదు. రెండు చుట్లు.

"ఏసుకోవా బావా?"

"ఏసుకుంట, పండుగకో పబ్బానికో. దుమ్ము పడ్తె కీలు కరాబైతదంట. ఇది పోతె మల్లొకటి ఇయ్యరు గద."

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఇక దాచలేకపోయాను. ఆ రోజు కట్టింది నేను కాదనీ, నా నియమమే నీ మోకాలు తిన్నదనీ, రిపోర్టులో అబద్ధం రాశాననీ అంతా చెప్పేశాను. చెప్తుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను. వాడు మోదుగాకు ఒకటి తీసి, మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"తెల్సు బావా. కండ్లు మూసుకోలేదు గద నేను. దాదా కట్టిండు. నువ్వు కవరు కొరుకుతున్నవ్."

"మరి ప్రాణం నిలబెట్టినాయన అంటావేంది?"

"ఊర్ల నీ ఇజ్జత్ ఉండొద్దా?" అన్నాడు. మోదుగాకు పక్కన పెట్టి అడిగాడు: "మిగిలినోల్లు ఇప్పిన్రా కవర్లు?"

"మన దళంలో అందరివీ నేనే చింపేశాను."

"మనోల్లు గాదు బావా. కాయితం పంపిచ్చిన్రు గద అన్ని దళాలకు. వాల్లు ఇప్పిన్రా?"

ఆరు నెలలు నా పరువు గురించే కుమిలాను. సకాలంలో కట్టబడింది అన్న నా మాట నమ్మి, ఆ ఎర్రరోడ్ల మీద ఇంకెంతమంది ఎడమ జేబుల్లో ఆ పొట్లం పెట్టుకు తిరుగుతున్నారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

వాడు కూతురి బడి నోటుపుస్తకం తెప్పించాడు. మధ్య కాగితం చింపి ఇచ్చాడు. నేను ఆ మంచం మీదే కూర్చుని మా అధికారికి హిందీలో రాశాను, ఒక్కో వాక్యం వాడికి తెలుగులో చదివి చెప్తూ. ఎంతసేపు పట్టిందో రాశాను. ఎవరు కట్టారో రాశాను. కవర్లన్నీ వెంటనే విప్పించండని రాశాను. పొట్లం మీద రబ్బరు ఉందన్న చోట వాడు ఆపాడు.

"రెండు చుట్లు అని రాయి బావా. ఒక్కటే అయితే నేను ఇప్పుకుందును."

రాశాను. కింద నేను సంతకం పెట్టాక, వాడూ పెట్టాడు. అప్పుడు లేచి మేకు మీంచి ఆ కాలు దించాను. రబ్బరు విప్పబోతే ఒక చుట్టు వచ్చింది గానీ, రెండోది నా వేళ్లకి అందలేదు. వాడే తీసుకుని, నా వైపు చూడకుండా, యూరియా సంచీ ఒక్క లాగుతో చింపేశాడు.