పసుపు జెర్సీ

సిరుగుప్పలో డిగ్రీ చదివేటప్పుడు బళ్లారిలో జిల్లా వాలీబాల్ జట్టు సెలక్షన్‌కు వెళ్లాను. వెనక వరసలో ఉండి, ఎదుటివాళ్ల స్మాష్‌లు నేలను తాకకుండా బంతిని లేపే లిబెరోను నేను. మోచేతులు దోక్కుపోయేలా ఆడాను. అయినా సెలక్టర్ నన్ను పక్కన పెట్టేశాడు.

"ఒక్క స్మాషూ కొట్టలేదు కదమ్మా నువ్వు?" అన్నాడు.

"లిబెరో స్మాష్ కొడితే ఫౌల్ కదా సార్! నేను ఎన్ని బంతులు లేపినానో చూడలేదా?" అన్నాను.

"లిబెరోనా? అందరూ నీలం జెర్సీ ఏసుకుంటే నువ్వొక్కదానివే పసుపుది ఏసుకొస్తివి. నీలంది ఇంట్లో మరిచొచ్చినావేమో అనుకుంటి."

ఒళ్లు మండిపోయింది. "లిబెరో వేరే రంగు జెర్సీ ఏసుకోవాలని కూడా తెలీకుండా ఈడ ఎందుకు కూసున్నారు సార్?" అని అందరి ముందూ అరిచేసి వచ్చేశాను.

ఆటలో చాలాసార్లు ఓడాను, మరిచిపోయాను. ఆట తెలియని మనిషి చేతిలో ఓడింది ఆ ఒక్కరోజే. ఆ మంట మాత్రం ఇంకా ఆరలేదు.