ఎడమ కాలి బండి

మా అన్నకు మూడు వందల యాభై సీసీల పెద్ద బండి ఉండె. తార్నాకల మా గల్లీల అది స్టార్టయిందంటె పక్కింటోళ్లు తొమ్మిదయిందని గడియారం సరిచేసుకునేది. దాని వెనక సీటు నాది. రెండేండ్లు నేను ఆ సీటు మీదనే ఎమ్మెస్సీ చదివిన. అన్న నన్ను చెయ్యి పట్టి కూచోబెట్టేది, "గట్టిగ పట్టుకో" అనేది, యూనివర్సిటీల జియాలజీ డిపార్ట్‌మెంటు మెట్ల కాడ దించేది.

నా కుడి కాలు చిన్నప్పుడే జ్వరమొచ్చి పడిపోయింది. తొడ దాక ఇనుప పట్టీలు, కింద బరువు బూటు. అయినా నడుస్త, మెట్లెక్కుత, గుట్టలు గూడ ఎక్కుత. జెర టైం పడతది, అంతే. మా ఇంట్ల మాత్రం నేనంటె జాగ్రత్తగ మోసుకపోయే సామాను. అయ్యో పాపం అనేటోళ్లను చూస్తె నాకు ఒళ్లు మండుతది. ఇప్పటికీ మండుతది.

పరీక్షలైనంక రీసెర్చిల చేరుదామని, మౌలాలి దిక్కు గుట్టల రాళ్ల మీద పని ఇయ్యమని మా సారును అడిగిన. ఆయన నా బూటు దిక్కు చూసిండు.

"రోజూ మీ అన్న తెచ్చి దించితే అది ఫీల్డు వర్కు కాదయ్యా. నీ అంతట నువ్వు తిరగగలిగితే వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున వచ్చి కనపడు. లేదంటే లైబ్రరీలో కూచుని చేసే టాపిక్ ఇస్తాను."

మాట కటువే గని తప్పు లేదు. లాలాపేట్ దాటినంక ఆ గుట్టల్లకు ఏ బస్సు పోతది?

ఇంటికొచ్చి బండి నేర్పుమని అన్నను అడిగిన. నవ్వినా బాగుండు, నవ్వలే. పెద్ద బండి స్టాండేసి చూపెట్టిండు. కిక్కు కుడి దిక్కు. గేరు గూడ కుడి దిక్కే, బ్రేకేమో ఎడమ దిక్కు. మనిషి బరువంత కుడి కాలు మీదేసి తంతెగాని ఆ ఇంజను లేవది. సరిగ తన్నకపోతె అదే ఎదురు తంతది.

"నీతోని కాదురా. నేనున్న గద, నీకెందుకీ పరేషాన్? పడితె ఎవడు లేపుతడు?"

ప్రేమతోనే అన్నడు. అందుకే నాకు ఇంకింత కోపమొచ్చింది. ఆరు నూరైనా సరే, ఇంక వెనక కూచునేది లేదనుకున్న.

మా పై వాటాల కోస్తా దిక్కు లెక్చరర్ ఒకాయన ఉండె. ఆయనది రెండు వందల యాభై సీసీల చిన్న బండి. అన్న దాన్ని కుట్టుమిషిన్ అని ఎక్కిరించేది. ఒకనాడు పొద్దున కిటికీల కూచొని, ఆయన దాన్ని స్టార్టు చేసుడు చూసిన. ఎడమ కాలు! కిక్కు ఎడమ దిక్కున్నది. కొట్టినంక అదే కడ్డీని ముందుకు తిప్పితె గేరయితది. కుడి కాలికి ఉన్న పని ఒక్క బ్రేకే. ఓరి నీ, ఇన్నొద్దులు నా బండి నా నెత్తి మీది వాటాలనే ఉన్నదా!

పోయి అడిగిన. ఆ పెద్దమనిషి నా కాళ్ల దిక్కు చూడనే లేదు. "ఎనిమిదింటి దాకా నాకు పని లేదు, క్యాంపస్ దాకా నేనే తెచ్చిస్తాను, లోపలి రోడ్ల మీద నేర్చుకోవయ్యా. లైసెన్సు లేకుండా మాత్రం గేటు దాటకు," అన్నడు.

అబద్ధమెందుకు, పెద్ద బండి గొప్పదే. మా ఊరి దాక ఆగకుండ పోతది, చప్పుడింటె మనుషులు పక్కకు జరుగుతరు. చిన్నదాని సీటు కిందికి, మెత్తగ ఉంటది, గుంతల్ల నడుము నొయ్యది, పొగ మాత్రం దండిగొస్తది. ఏది మంచిదని క్యాంటీన్ల పోరగాళ్లు గంటలకు గంటలు కొట్లాడేది. కొట్లాడుకోనీ. నేను చూసింది ఒక్కటే, కిక్కు ఏ దిక్కున్నదని.

స్టాండు మీద ఉంచి, సీటెక్కి, ఎడమ కాలుతోని కొట్టేటోన్ని. బ్రేకుకు నా బూటు బరువే చాలు, ఇనుము ఊకెనే ఉన్నదా మరి! తొమ్మిది సార్లు పడ్డ. నెల తిరిగేసరికి లైసెన్సు చేతికొచ్చింది.

సోమవారం పొద్దున అన్న ఎప్పటి లెక్క పెద్ద బండి బయటికి తీసిండు. నేను, లెక్చరర్ ఆ దినమంత నన్నే ఉంచుకొమ్మన్న చిన్న బండి మీద కూచున్న. అన్న మొఖం ఎర్రగైంది.

"దిగు! గల్లీల ఇజ్జత్ తీస్తున్నవ్. గిదొక బండా? ఇటియ్యి, ఎంత పస ఉన్నదో చూస్త."

దిగిన. అన్న ఎక్కి కుడి కాలు లేపి తన్నిండు, గాలిల.

"కిక్కేదిరా?"

"ఎడమ దిక్కన్నా."

ఎడమ కాలుతోని తంటాలు పడి నాలుగో దెబ్బకు స్టార్టు చేసిండు. పది గజాలు పోంగనే సైకిలోడు అడ్డమొచ్చిండు. బ్రేకనుకోని ఎడమ కాలు ఒత్తిండు, అది గేరు, బండి ఎగిరింది. గేరనుకోని కుడి కాలు ఒత్తిండు, అది బ్రేకు. బండీ, అన్న, ఇద్దరూ రోడ్డు మీదున్నరు. నవ్వేటోళ్ల ముంగటనే జారిపడాలె గద, గల్లీ అంత గేట్ల కాడికొచ్చింది.

నేను నవ్వలే. ఇనుప కాలు ఈడ్చుకుంట పోయి, ఒక చెయ్యి గోడకు పెట్టి ఇంకో చెయ్యి ఇచ్చిన. పట్టుకోని లేచిండు. ప్యాంటు దులుపుకోని, బండి లేపి స్టాండేసిండు.

"నువ్వు ఎన్నిసార్లు పడ్డవ్?"

"తొమ్మిది."

"ఎవడు లేపిండు?"

"ఎవడూ లేపలేదన్నా. నేనే లేచిన."

నేనెక్కి స్టార్టు చేసిన. గీరుకపోయిన మోచెయ్యి పట్టుకోని అన్న వచ్చి వెనక కూచున్నడు. "పా. మీ సారుకు నేను చెప్త."

"నువ్వేం చెప్పకు. గట్టిగ పట్టుకో."

సారు డిపార్ట్‌మెంటు మెట్ల మీదనే ఉండె. నన్ను చూసిండు, నా వెనక మనిషిని చూసిండు.

"మళ్ళీ మీ అన్నేనా?"

"అవును సార్. నేనే తెచ్చిన. అన్నను ఇంటి కాడ దించి, అటే గుట్టలకు పోత."