కొత్తది ఇచ్చారు, కారణం చెప్పలేదు

మా బావగారు పోయారన్న కబురు నాకు టైర్ల షాపులో తెలిసింది. కారుకి చలికాలం టైర్లు వేయించుకుందామని వెళ్లి, అక్కడి చల్లారిన కాఫీ తాగుతూ కూర్చున్నాను. మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, డాడ్ డైడ్ దిస్ మార్నింగ్. హార్ట్ ఎటాక్. ప్లీజ్ కమ్, అమ్మ ఏమీ మాట్లాడట్లేదు," అంది. లేచి చూస్తే నా కారు పైకెత్తి ఉంది, నాలుగు చక్రాలూ నేల మీద ఉన్నాయి. బిగించే కుర్రాడు లంచ్‌కి వెళ్లాడన్నారు. నేను జీవితంలో ఎప్పుడూ అరవనంతగా అరిచాను. అరిచినా చక్రాలు వాటంతట అవి ఎక్కవు కదా.

ఆయన గురించి రాయమని అడిగిన మిత్రులు, "నాలుగు మంచి మాటలు రాయండి," అన్నారు. మంచి మాటలకేం, కావలసినన్ని ఉన్నాయి. మా అక్క మొగుడని కాదు గానీ, ముప్పై ఏళ్లుగా కెనడాలోని ఈ సస్కటూన్‌లో ఏ తెలుగు ఇంట్లో ఏది పాడైనా ముందు ఆయనకే ఫోన్ వెళ్లేది. కానీ నాకింకా ఆయన మీద కోపం తగ్గలేదు. చెప్పవలసిన మాట చెప్పకుండా, తేల్చవలసిన సంగతి తేల్చకుండా వెళ్లిపోయారు. అందుకని ఇది కొంచెం కోపంగానే రాస్తున్నాను. చదివేవాళ్లు మన్నించాలి.

విత్తనాలు నాటే పెద్ద పెద్ద యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఆయన ఇంజనీరు. పొలంలో ఏదైనా విరిగితే వెళ్లి, ఆ ముక్కలు ఏరుకొచ్చి, ఎందుకు విరిగిందో చెప్పడం ఆయన పని. రిటైరయినా ఆ బుద్ధి పోలేదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఏదో ఒక విరిగిన బోల్టు రుమాలులో చుట్టి ఉండేది. అవి వాషింగ్ మెషీన్‌లో పడి దడదడలాడితే అక్క తిట్టిపోసేది. ఒకసారి ప్రెషర్ కుక్కర్ పిడి విరిగింది. ఎందుకు విరిగిందో తేలేదాకా కొత్తది కొననివ్వలేదు. అక్క అన్నాళ్లూ గిన్నెలో పప్పు ఉడకబెట్టుకుంటూ పుట్టింటి వాళ్లందరికీ ఫోన్ చేసి ఆయన్ని దులిపేసింది.

"విరిగినచోట చూడవయ్యా, అక్కడే రాసి ఉంటుంది," అనేవారు నాతో. పాత పగులైతే లోపల నల్లబడి ఉంటుందట. అప్పటికప్పుడు విరిగిందైతే తళతళ మెరుస్తుందట. ఆ ఒక్క తేడాతో ఆయన ఎంతోమంది రైతుల తగాదాలు తీర్చారు. రైతు మొరటుగా నడిపి విరగ్గొట్టాడా, కంపెనీ నాసిరకం ఇనుము వాడిందా అన్నది ఆ నలుపు, ఆ మెరుపే చెప్పేవి.

వేట ఆయనకి ఇక్కడికొచ్చాకే అబ్బింది, ఆఫీసు స్నేహితుడి చలవ. ఆ స్నేహితుడు ఊరు మారాక నేను తోడయ్యాను. చదివేవాళ్లలో వేట అనగానే మొహం చిట్లించేవాళ్లు ఉంటారని తెలుసు. మా వాళ్లలోనూ ఉన్నారు, అక్క చేసిన జింక మాంసం వేపుడు రెండోసారి వడ్డించుకుంటూనే చిట్లించేవాళ్లు. బావగారు ఎవరితోనూ వాదించేవారు కాదు. ఏడాదికి ఒక లైసెన్సు, ఒక జింక, ఒక్క తూటా. అది బాధపడకుండా పడిపోవాలి. ఆయన పట్టింపు అంతే.

ఆ ఒక్క తూటా కోసమే స్కోప్ గొడవంతా. రైఫిల్ మీద బిగించే దుర్భిణినే స్కోప్ అంటారు. అందులోంచి చూస్తే అడ్డంగా, నిలువుగా రెండు సన్నని గీతలు కనిపిస్తాయి. అవి కలిసేచోటే తూటా తగలాలి. ఆ గీతలున్న చిన్న గొట్టాన్ని లోపల ఒక స్ప్రింగు నొక్కి పట్టుకుని ఉంటుంది. స్ప్రింగు అలసిపోయిందా, గీతలు వెంట్రుకవాసి పక్కకి జరుగుతాయి. చూసేవాడికి తెలియదు. అద్దం ఎప్పటిలా శుభ్రంగానే ఉంటుంది. తూటా మాత్రం దారి తప్పుతుంది.

మా దగ్గర ఊరు దాటితే కంకర రోడ్లు. రేకుల షెడ్డు కప్పులాగా అలలు తేలి ఉంటాయి. స్కోపులు చచ్చేది తూటా పేలిన దెబ్బకి కాదు, ఆ రోడ్ల కుదుపుకేనని బావగారి సిద్ధాంతం. తుపాకీ గురి సరిచూసుకునే రేంజిలో కాగితం మీద కాల్చి, రైఫిల్‌ని ట్రక్కులో పెట్టుకుని కంకర రోడ్ల మీద తిప్పి, మళ్లీ వచ్చి కాల్చేవారు. పక్కసీట్లో నేను. నా నడుం ఏమవుతుందో ఏ ఇంజనీరూ పరీక్షించలేదు.

అలా రెండు స్కోపుల్లో గీతలు జరిగిపోయాయి. బిగింపులు మార్చారు, మరలు మార్చారు, ఇంకో రైఫిల్‌కి బిగించి చూశారు. తేడా స్కోపులోనే ఉందని తేలాక, ఎలా తేలిందో వివరంగా రాసి కంపెనీకి పంపారు. రెండుసార్లూ ఒకటే జరిగింది. తళతళలాడే కొత్త స్కోపు వచ్చింది. దాంతో వారంటీ కింద మార్చామని ఒక కార్డు. పాతదానికి ఏమైందో ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి, "సర్, మీకు లైఫ్‌టైమ్ వారంటీ ఉంది," అంది.

"అమ్మా, నేను వారంటీ అడగడం లేదు. లోపల ఏం పాడైందని అడుగుతున్నాను."

"ఐ అండర్‌స్టాండ్ యువర్ ఫ్రస్ట్రేషన్, సర్."

ఆయన ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు. "నా ఫ్రస్ట్రేషన్ అర్థమైందట. స్ప్రింగు సంగతే అర్థం కాలేదు," అన్నారు.

"ఊరికే కొత్తది వచ్చింది కదా బావగారూ, ఇంకేం కావాలి మీకు?"

"కొత్తది ఇచ్చారయ్యా, కారణం చెప్పలేదు. కారణం తెలియకపోతే ఇదీ అదే కదా?"

అన్నట్టే అయింది. కిందటేడు నవంబరులో మాకు తెలిసిన రైతు పొలానికి వెళ్లాం. వారం ముందే రేంజిలో సరిచూసుకున్నాం, అంతా బాగుంది. మంచు పడిన పొలంలో గడ్డిమోపు చాటున పడుకున్నాం. పొదల్లోంచి జింక వచ్చి, పక్కకి తిరిగి నిలబడింది. దూరం కూడా ఎక్కువేం కాదు. ఆయన ఊపిరి వదిలి కాల్చారు. జింక పడలేదు. వెనకభాగం ఒక్కసారి కుంగింది. మళ్లీ లేచి పొదల్లోకి పోయింది.

"తగలకూడనిచోట తగిలింది," అన్నారు ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

నెత్తుటి చుక్కలు పట్టుకుని వెళ్లాం. గడ్డకట్టిన గుంట దాటుతూ బావగారు జారి పడ్డారు, రైఫిల్ ఆయన కింద పడింది. లేచి మళ్లీ నడిచారు. మధ్యాహ్నానికి మంచు మొదలై చుక్కలన్నీ కప్పేసింది. చీకటిపడేదాకా వెతికాం. మర్నాడూ వెళ్లాం. దొరకలేదు. లైసెన్సు ఇంకా చెల్లుతుంది, మరోసారి ప్రయత్నించవచ్చని నేనంటే ఆయన తల అడ్డంగా తిప్పారు. "దొరికినా దొరక్కపోయినా ప్రాణం తీసింది నేనే. ఈ ఏడుకి నా జింక అయిపోయింది," అన్నారు.

తరవాత రేంజికి వెళ్లి కాలిస్తే, తూటాలు గురికి జానెడు ఎడమగా పోతున్నాయి. జింకకి తగిలింది కూడా అటువైపే. నాకు లెక్క తేలిపోయింది. "స్కోపు జరిగింది బావగారూ, మీ తప్పేం లేదు," అన్నాను.

"ఎప్పుడు జరిగింది? కాల్చకముందా, నేను దాని మీద పడ్డాకా?"

"ముందే. లేకపోతే అటెందుకు పోతుంది?"

"ఆ పొద్దున నా వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. ట్రిగ్గర్ లాగినప్పుడు రైఫిల్ కాస్త అటే లాగినట్టు అనిపించింది. నీకు కనపడదు. నాకు తెలుస్తుంది."

దీనికి మందు ఆయన దగ్గరే ఉంది. స్కోపుని కోసి చూడాలి. లోపల విరిగినచోటు నల్లగా ఉంటే తప్పు స్కోపుది, ఎప్పటినుంచో పాడవుతూ వచ్చిందని. మెరుస్తూ ఉంటే అది పడ్డప్పుడు విరిగింది. అంటే జింకని తప్పుగా కొట్టింది ఆయన చెయ్యి. కోస్తే వారంటీ పోతుంది, పోనీ. ఈసారి వాళ్లకి పంపేది లేదన్నారు. గరాజులో బల్ల మీది ఇనుప పట్టులో, అదే వైసులో, దాన్ని బిగించారు, రంపం పక్కన పెట్టుకున్నారు. ఇక గంట పని.

ఆ గంట ఏడాదిపాటు రాలేదు. నేను వెళ్లినప్పుడల్లా అది అలాగే బిగించి ఉండేది. అడిగితే రంపం బ్లేడు మార్చాలనేవారు. బ్లేడు నేనే కొనిచ్చాను. ఎండాకాలం కానివ్వమన్నారు. ఎండాకాలమయ్యాక, మంచు పడేలోపు ఇంకోసారి రేంజిలో కాల్చి చూద్దామన్నారు. "మిక్సీ ఆగితే నిలబడ్డచోటే విప్పేస్తారు, దీనికెందుకిన్ని ముహూర్తాలు?" అని ఒకసారి గట్టిగానే అడిగాను. "ఉండవయ్యా," అన్నారు. నాకు ఒళ్లు మండి కాఫీ తాగకుండా వచ్చేశాను. ఈ ఏడు లైసెన్సు కూడా తీసుకోలేదు. సంగతి తేలేదాకా వేటకి రానన్నారు. ఏళ్ల తరబడి నవంబరంటే ఆయనతో ఆ పొలాలే నాకు. ఒక ఇనుపగొట్టం అది కూడా లాగేసుకుంది.

కర్మలన్నీ అయిపోయాక ఒక రోజు గరాజులోకి వెళ్లాను. ఆయన చెయ్యలేని పని నేను చేద్దామని, తప్పు ఆయనది కాదని ఫొటోతో సహా అందరికీ చూపిద్దామని. వైసు ఖాళీగా ఉంది. రంపం ఉంది, కొత్త బ్లేడు ఉంది, స్కోపు లేదు.

"కంపెనీకి పంపించేశాను," అంది అక్క, వంటింట్లో బియ్యం కడుగుతూ.

"వాళ్లు పాతది పారేస్తారక్కా! బావ ఏడాది దాచుకున్నది కోసి చూడాలనే. నీకు తెలీదా?"

"తెలుసు. తెలిసే పంపాను."

కోపంతో నేను ఏదేదో అన్నాను. ఆవిడ బియ్యం కడగడం ఆపలేదు. నేను ఆగాక మాట్లాడింది.

"రోజూ గరాజులోకి వెళ్లి రంపం చేత్తో పట్టుకుని కూర్చుని వచ్చేవార్రా మీ బావ. కొయ్యకుండానే వచ్చేవారు. లోపల మెరుస్తూ కనిపిస్తే ఏం చెయ్యాలి అని నన్నడిగారు ఒకసారి. నేనేం చెప్పను? ఆయన కొయ్యలేనిది నువ్వెవడివి కొయ్యడానికి?"

"నల్లగా ఉండేదేమో కదక్కా. ఆయన తప్పు లేదని తేలేదేమో!"

"తేలితే ఎవరికి చెప్తావు?"

అక్కని అడిగిన ఆ ఒక్క మాట ఆయన నాతో అని ఉంటే బ్లేడు కొనిచ్చేవాణ్ణి కాదు. ముహూర్తాలంటూ ఎకసెక్కాలాడేవాణ్ణి కాదు. ముప్పై ఏళ్లు నాకు ప్రతి బోల్టు గురించీ విడమరిచి చెప్పిన మనిషి, తనకి భయంగా ఉందని మాత్రం చెప్పలేదు. ఆయన మీద కోపమని మొదట్లో అన్నది ఇందుకే. ఆ కంపెనీ మీద వేరే ఉంది. అక్క మీద కోపం తెచ్చుకుందామని చూశాను గానీ, రాలేదు.

మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి పార్సిల్ వచ్చి ఉంది. లోపల కొత్త స్కోపు, ఎప్పటిలాంటి కార్డు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ ఆయన వేట సామాన్లలో ఒక్కటి ముట్టుకోవడం నేను చూడలేదు. వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి కంటికి ఆనించుకుంది.

"నల్లగా ఉందిరా, ఏమీ కనపడట్లేదు."

"కంటికి ఆనించకు. నాలుగు వేళ్లు ఎడంగా పెట్టుకో."

కాసేపు అటూ ఇటూ కదిపి, ఒకచోట ఆగింది. "ఆఁ, పక్కింటి ఫెన్స్. పిచ్చుక ఉంది దాని మీద. చలికి ఉబ్బిపోయి కూచుంది పాపం." తరవాత నెమ్మదిగా, "కన్ను ఆర్పుతోందిరా. అది కూడా తెలుస్తోంది," అంది.

నేను కార్డుని మళ్లీ పెట్టెలో పెట్టాను.

"ఇందులో ఎప్పుడూ ఇంత దగ్గరగా కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది."

"అయితే ఆ రోజు మీ బావ ఆ జింక మొహం చూశారన్నమాట," అంది అక్క. పిచ్చుక ఎగిరిపోయింది. ఆవిడ స్కోపు దించలేదు. ఖాళీ ఫెన్స్ వైపే చూస్తూ అలా నిలబడి ఉంది.