సాక్షి తెచ్చిన బొంత

నాకు ఐర్లండ్‌లో నర్సు ఉద్యోగం వచ్చిన నెలలోనే మా ఆయన మహబూబ్‌నగర్ కోర్టుకెక్కాడు, బిడ్డను దేశం దాటనివ్వొద్దని. మా ఆయన అనాలో వద్దో కూడా తెలియదు, అప్పటికే విడిపోయి రెండేళ్లు. పాప నా దగ్గరే ఉండేది. ఆదివారం మాత్రం నారాయణపేటలో వాళ్ల నాన్న దగ్గరికెళ్లి, బాపు మగ్గం పక్కన కూర్చునేది. ఆరేళ్ల పిల్లను వదిలి నేనెలా వెళ్తాను? వెళ్లకపోతే అలాంటి ఉద్యోగం మళ్లీ వస్తుందా? కోపంతో అన్నం కూడా సహించేది కాదు.

సాక్షిగా ఎవరిని తెచ్చాడనుకున్నారు? మా అత్తమ్మను! నేను పాపను దగ్గరికి లాక్కుని మొహం తిప్పుకున్నాను. ఆవిడ చంకలో పెద్ద మూట.

మనవరాలు లేకుండా బతకలేనని చెప్పమని ఆయన వకీలు ఆమెకు బాగా నేర్పి తెచ్చాడు.

"పాపను పంపడం మీకు ఇష్టమేనా?" అని అడిగారు జడ్జి మేడం.

"ఇష్టమేడిది మేడం? పానం కొట్టుకుంటది."

వకీలు సంబరంగా తలాడించాడు.

"ఆ మూటలో ఏముంది?"

"బొంత మేడం. గాడ చలి మస్తుంటదట గద. మీరు ఇయ్యాలనే తీర్పిస్తే ఇటుకెల్లి ఇటే తల్లీబిడ్డలు విమానం ఎక్కుతరేమో, మళ్ల దొరకరని పట్టుకొచ్చిన."

హాలంతా ఒకటే నవ్వు. వకీలు నెత్తి పట్టుకున్నాడు. మేడం నవ్వాపుకుంటూ మూట విప్పమన్నారు. పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత, చుట్టూ కొత్త ఎర్రంచు. ఆ నేత ఎవరిదో నాకు ఒకరు చెప్పాలా!

"అంచు నువ్వే నేసినవా?" అన్నాను ఆయనతో. రెండేళ్లలో అరవకుండా మాట్లాడిన మొదటి మాట అదే.

"అవ్," అన్నాడు తల దించుకుని. "నాకు గీ కేసుల పిచ్చి లేదు. బిడ్డ నన్ను మరిచిపోతదేమోనని బుగులు, గంతే."

నా కోపం ఎటు పోయిందో! మేడం మమ్మల్ని బయట కూర్చుని మాట్లాడుకోమన్నారు. వరండాలో అత్తమ్మ తెచ్చిన జొన్నరొట్టెలు తింటూ తేల్చుకున్నాం: రోజూ ఫోన్‌లో మొహం చూపించాలి, ఏటా సెలవులకు నారాయణపేట తీసుకురావాలి. సంతకాలు చేస్తుంటే పాప బొంత కప్పుకుని వరండా అంతా ఉరికింది.

ఐర్లండ్‌లో మొదటి రోజే తెలిసింది, కప్పితే పాప పాదాలు బయటే. ఫోన్ చేసి ఎగిరిపడ్డాను.

"ఏంది అత్తమ్మా, గింత పొట్టిగ కుట్టినవ్? కొలత చూస్కోలేదా?"

"చూస్కునే కుట్టిన. సెలవులకు పట్కరా, అతుకేస్త."

ఇప్పుడు పాపకు పదకొండేళ్లు. బొంతకు అయిదు అతుకులు, అన్నీ వాళ్ల బాపు నేసిన అంచులే. నిన్న బొంత కప్పుకుని, కాళ్లు బారజాపి నన్ను పిలిచింది.

"అమ్మా, మళ్ల పొట్టిగైంది!"

ఎంత సంబరమో దాని మొహంలో.