లైల్ పొలంలో గాలి

గోధుమ చేను కోసం లైల్ కూల్చి కుప్పేసిన వాండూ మానులు వేసవంతా ఎండాక, కాల్చేలోపు చలికాలపు కట్టెలు ఏరుకోవడం ముసలి వెర్నాకు ఏటా అలవాటు. ప్రతి దుంగనూ తడిమి, మాను పెరుగుతూ మింగేసిన పాత కంచె తీగేదీ లోపల లేదని తేల్చుకున్నాకే రంపం పెడుతుంది. ఈసారి మోకాలు వాచి వారం ఆలస్యమైంది. పక్క పొలాల్లో కుప్పలు కాల్చేసి విత్తుతున్నారు. బూడిదే మిగిలిందనుకుంటూ వస్తే, లైల్ కుప్ప కుప్పలాగే ఉంది.

"ఇంకా అంటించలేదేంరా అబ్బాయ్?"

"ఎక్కడ పెద్దమ్మా! వారంగా ఒకటే గాలి. చేలకు అంటుకుంటే?"

వెర్నా తలెత్తి చూసింది. లైల్ ఇంటి పొగ నిట్టనిలువుగా లేస్తోంది. ఆమె టోపీని చేత్తో గట్టిగా అదిమిపట్టుకుంది.

"అవున్రా నాయనా, పాడు గాలి. టోపీ నిలవనివ్వడంలేదు," అంటూ రంపం అందుకుంది.