ఉప్పు మూటకు బదులు చిన్న రసాలు

మా అమ్మను దొంగ అన్నారు. నూజివీడు అవతల ఒక మామిడితోట గేటు దగ్గర, జట్టు కూలీలందరూ వింటూ ఉండగా అన్నారు. ఆమె చేతిలో బుట్ట లాక్కుని, అందులో ఉన్న చిన్న రసాలను గంపలోకి గుమ్మరించి, ఖాళీ బుట్టను ఆమె కాళ్ల దగ్గర పడేశారు. ఆమె దొంగ కాదు. ఆ ముక్క అదే గేటు దగ్గర, అన్నవాడి నోటితోనే అనిపించాలని నేను పంతం పట్టాను.

కోపం ఇంకా చల్లారలేదు కనుక ముందు అదే వచ్చింది. నిజానికి మా ఇంట్లో వాళ్లకు ఆ రోజంత మంచి రోజు అంతకు ముందు లేదు. గేటు దగ్గర ఆ కాసేపు తీసేస్తే, ఇప్పటికీ తలుచుకుని మురిసిపోయే రోజు.

మాది బందరు దాటాక సముద్రం ఒడ్డున ఉప్పు మడుల ఊరు. కనుచూపు మేర చెట్టనేది లేదు. నీళ్లు ఉప్పు, గాలి ఉప్పు, తుడుచుకున్న తువ్వాలు ఉప్పు. మా అమ్మా నాన్నా ఇద్దరూ మడుల్లోనే పెరిగారు, మడుల్లోనే ముసలివాళ్లయ్యారు. ఎండలో తెల్లటి ఉప్పు మీదికి వంగి పని చేసేవాళ్లకు కళ్లు చికిలించడం అలవాటైపోతుంది. ఇంట్లో చీకట్లో కూర్చున్నా మా అమ్మ కళ్లు సగమే తెరుచుకునేవి. నేను మాత్రం బందరు పండ్ల మార్కెట్టులో లారీలకు సరుకు ఎత్తే జట్టులో చేరాను. బడి మొహం చూడలేదు. కాయల మీద కప్పే పాత పేపర్లను చూపించి, వాళ్లనూ వీళ్లనూ అడిగి అక్షరాలు నేర్చుకున్నాను. పేపరు చిరిగిపోయిన చోట వార్త ఏమై ఉంటుందో నాకు నేనే ఊహించుకునేవాణ్ణి.

అరవైల మొదట్లో మాట. మామిడి రోజుల్లో మా లారీ తెల్లవారుజామున ఖాళీ గంపలు వేసుకుని నూజివీడు వెళ్లి, పొద్దు గూకాక కాయతో తిరిగి వచ్చేది. ఒకరోజు మా డ్రైవరు మా ఇంటికి వచ్చి, అమ్మతో అన్నాడు:

"ఏంటి పిన్నిగారూ, పుట్టాక ఒక్క కొండన్నా చూశారా మీరు?"

"ఉప్పు కుప్పలు చూశానుగా నాయనా. అవీ తెల్లగా కొండల్లాగే ఉంటాయి."

"అవి కొండలేంటండీ బాబూ! రేపు లారీ ఖాళీగానే వెళ్తది. పొద్దున ఎక్కండి, మాపటికి దింపేస్తా. గంపల పక్కన మిమ్మల్ని కూడా ఎక్కించుకుంటే టైర్లేమన్నా ఏడుస్తాయా?"

అమ్మ, నా భార్య, ఇంకా నడక రాని మా పాప, నేను బయలుదేరాం. నాన్న రాలేకపోయాడు, మోకాళ్లు లారీ ఎక్కనిచ్చేవి కావు. గడప దగ్గర కూర్చుని, "మీరెళ్లండి. నాకో కాయ పట్టుకురండి. అదే నేను చూసిన తోట" అన్నాడు. ఆ మాట అమ్మ చెవిలో పడింది. రోజంతా పడి ఉంది.

బయలుదేరేటప్పుడు అమ్మ ఒక మూట కట్టింది. మేలైన రాళ్లుప్పు. జల్లించి, మళ్లీ ఎండబెట్టి, పాత చీర గుడ్డలో గట్టిగా బిగించింది. ఉత్త చేతులతో ఒకరి చోటుకు వెళ్లడం ఆమెకు చేతకాదు. మామిడి రోజులంటే ఆవకాయ రోజులు కదా, మెట్ట ఊళ్లలో మంచి ఉప్పు ఎవరికైనా పనికొస్తుందని ఆమె ఆలోచన.

గుడివాడ దాటేదాకా అన్నీ కోసేసిన వరి చేలే. బాపులపాడు దాటి లారీ నూజివీడు వైపు తిరిగాక నేల రంగు మారింది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వచ్చింది. రోడ్డు మెల్లగా పైకి ఎక్కుతోంది. అమ్మ ఖాళీ గంపల మధ్య మోకాళ్ల మీద లేచి నిలబడి, లారీ పలక పట్టుకుని చూస్తోంది.

"ఏరా, నేల ఎత్తుగా లేస్తోందేంటి?"

"మెట్ట అమ్మా. ఇక్కణ్ణించి ఇలాగే ఉంటుంది."

"నీళ్లు నిలవవు కదా మరి! మడి ఎలా కడతారు పాపం?" అని ఆ ఊళ్లవాళ్ల కోసం దిగులు పడింది. డ్రైవరు నవ్వు ఆపుకోలేక హారను కొట్టాడు.

మెట్ట చల్లగా ఉంటుందని ఎవరైనా అంటే ఎండాకాలంలో నమ్మకండి. అక్కడి ఎండ మా ఎండకన్నా మొండిది. కానీ మామిడితోట లోపలికి అడుగు పెట్టండి, అప్పుడు తెలుస్తుంది. ముదురు చెట్ల కింద ఎండ చిల్లర చిల్లరగా రాలుతుంది తప్ప, మనిషి మీద పడదు. మా ఒడ్డున చెమట పట్టిందంటే ఆరేది కాదు, ఒళ్లంతా జిగటగా ఉండేది. ఆ తోటలో చెట్టు కింద కూర్చున్న కాసేపటికే అమ్మ తన చేతులు తడుముకుని, "ఆరిపోయిందిరా!" అంది, ఎవరో వరమిచ్చినట్టు. నా భార్య కొమ్మకు చీర కట్టి ఉయ్యాల వేసింది. ఇంట్లో రోజూ ఉక్కకు ఏడ్చే పాప, వేసీ వేయకముందే నిద్రపోయింది.

తోట చివర కావలి గుడిసె. కావలి మనిషి భార్య మమ్మల్ని చూడగానే ఎదురొచ్చి, చేదతో బావి నీళ్లు తోడి పోసింది. అమ్మ దోసిట్లో పట్టి తాగి, ఆగి, మళ్లీ తాగింది.

"వదినా, ఈ నీళ్లలో ఏమన్నా కలిపారా?"

"ఏం కలుపుతాం వదినా! నీళ్లు నీళ్లే."

"మా ఊళ్లో నీళ్లు నీళ్లు కావు తల్లీ."

ఆ రెండు మాటలతో వాళ్లిద్దరూ ఏనాటి నుంచో ఎరిగున్నవాళ్లలా అయిపోయారు. అమ్మ మూట తీసి గుడిసె గడప ముందు నేల మీద పెట్టి, వెనక్కి జరిగింది. ఉప్పు చేతికి చేతికి ఇవ్వకూడదు, ఇస్తే తగువులొస్తాయి. అది అందరికీ తెలిసిందే. ఆవిడ నేల మీది నుంచి ఎత్తుకుని, ముడి విప్పి చూసి, "అబ్బ! ఇంత తెల్లటి ఉప్పు మా బజారు మొహం చూడలేదు. ఈ ఏడు మా ఆవకాయ మీ చలవే" అంది.

ఇక్కడ తోటల పద్ధతి ఒకటి చెప్పాలి. కాపు కొన్న షావుకారు ఎవరైనా సరే, తోటలోకి వచ్చినవాళ్లు కడుపునిండా తినొచ్చు. ఎవరూ వద్దనరు. ఒక్క కాయ కూడా గేటు దాటించకూడదు. అయితే గాలికి రాలిన కాయ కావలివాళ్లది. అది వాళ్లు పచ్చడి పెట్టుకున్నా, గడ్డిలో మాగవేసుకున్నా, ఎవరికైనా ఇచ్చుకున్నా అడిగేవారు లేరు, డబ్బుకు అమ్మకూడదంతే. ఎంత మర్యాదైన పద్ధతో చూడండి! మా బందరు మార్కెట్టులో ఒక కాయ వాసన చూసినా కసురుకుంటారు.

కావలి ఆవిడ గుడిసెలో గడ్డి కింద మాగిన చిన్న రసాలు తీసుకొచ్చింది. అమ్మకు రసం పండు తినడం తెలియదు. కొరకబోయింది.

"ఆగు ఆగు వదినా! ముందు మెత్తగా పిసుకు. ఇప్పుడు ముచ్చిక తీసి, మొదటి చుక్క పిండేయ్. సొన అది, మూతి పొక్కుద్ది. ఆఁ, ఇప్పుడు నోట్లో పెట్టుకో."

అమ్మ పెట్టుకుంది. రసం మోచేతి దాకా కారింది. టెంక కూడా వదలకుండా చీకి, తలెత్తి చెట్టు పైకి చూసింది. అప్పుడు గమనించాను, ఆమె కళ్లు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. మా అమ్మ కళ్లు అంత పెద్దవని నాకు అప్పటిదాకా తెలియదు.

మధ్యాహ్నం దాటాక నేను కోతకు వెళ్లాను. ఆ తోట కాపు కొన్న షావుకారును కూడా మెచ్చుకోవాలి. చెట్టును కదపనిచ్చేవాడు కాదు. గడకు కట్టిన చిక్కంలోకి కాయను తొడిమతో సహా దించాలి, నేల తాకకూడదు. ఎవరైనా కాయ జారవిడిస్తే, "మెల్లగా అబ్బీ, దానికీ ప్రాణం ఉంది" అనేవాడు. మా అమ్మ పక్కనుంచి వెళ్తుంటే ఆగి, "తిన్నావా అమ్మా? ఇంకా తిను, మొహమాటపడకు" అన్నాడు కూడా. అదే మనిషి, అదే రోజు.

పొద్దు వాలాక కావలి ఆవిడ తన వాటా రాలు కాయల్లో మాగినవి ఏరి, చిన్న బుట్టలో గడ్డి పరిచి పెట్టి అమ్మకిచ్చింది. "అన్నయ్యకు ఇవ్వు వదినా, ఆయన రాలేదుగా" అంది. గుడిసెలోనే ఉండిపోయింది, పొయ్యి మీద గంజి ఉంది.

మేం గేటు దగ్గరికి వచ్చేసరికి షావుకారు లాంతరు వెలిగించి, గేటు పక్కనున్న తన పాక రాటకు తగిలిస్తున్నాడు. తగిలించి దానికి దణ్ణం పెట్టుకున్నాడు. అమ్మ కూడా బుట్ట చంకన పెట్టుకునే ఆ దీపానికి దణ్ణం పెట్టింది. అప్పుడు చూశాడాయన.

"బుట్టలో ఏంటమ్మా?"

"పండ్లండి. మీ కావలి ఆవిడ ఇచ్చింది."

"ఊరికే ఇచ్చిందా?"

"ఊరికే ఎందుకండీ? నేనూ ఇచ్చాను."

"ఏం ఇచ్చావు?"

అమ్మ రాటకున్న లాంతరు వంక చూసింది.

మిగతా ఊళ్లలో దీపాలు పెట్టాక ఉప్పును వేరే మాటతో అడుగుతారు. ఉప్పు మడుల వాళ్లం మేం అసలు ఆ ఊసే ఎత్తం. పేరూ చెప్పం, తిప్పీ చెప్పం. ఎత్తితే మడుల మీద వాన పడుతుందని, కుప్పలు కరిగిపోతాయని మావాళ్ల భయం. ఆ రోజుల్లో ఊరంతటి కుప్పలూ ఆరుబయటే ఉన్నాయి.

"అడుగుతుంటే చెప్పవేం? నా కాయ దొంగచాటుగా అమ్ముకుంటోందా అది?"

"లేదండి, ఆవిణ్ణి ఏమీ అనకండి. ఏం ఇచ్చానో పొద్దున అడగండి, చెబుతాను."

"పొద్దున నువ్వెక్కడుంటావు? బందర్లో ఉంటావు!" జట్టులో ఎవరో నవ్వారు.

లారీ మీద తాడు బిగిస్తున్న నేను కిందికి దూకాను. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నాకు ఆ భయాలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. అమ్మ చెయ్యెత్తింది. "ఒరేయ్, దీపం వెలిగింది" అంది. ఊరందరి కుప్పలూ ఆ చేతిలోనే ఉన్నట్టు నిలబడింది. నేను ఆగిపోయాను.

"దొంగతనం చేసి, పైగా దీపాల కబుర్లు!" అన్నాడాయన, బుట్ట లాగాడు. మిగతాది ముందే చెప్పాను.

దారి పొడుగునా అమ్మ ఏడవలేదు. పాపను ఒళ్లో వేసుకుని, "నీళ్లు ఎంత బాగున్నాయిరా" అని ఒక్కసారి అంది. ఇంటికి వచ్చాక నాన్న ఖాళీ బుట్ట అందుకున్నాడు. అడుగున గడ్డి మిగిలింది. ఆ గడ్డి మొహానికి దగ్గరగా పెట్టుకుని, "ఇదేనా నూజివీడు? బాగుంది" అన్నాడు. ఆ ఏడు మడుల మీద అకాల వాన పడలేదు. అదంతా తన గొప్పే అన్నట్టు అమ్మ మా వంక చూసేది.

మరుసటి కాపుకు నేను ఆ తోటకు వెళ్లినప్పుడు కావలి ఆవిడ నన్ను చూసి ఏడ్చింది. సంగతి తెలిసి, మర్నాడు పొద్దున్నే ఉప్పు మూట తీసుకెళ్లి షావుకారు ముందు పెట్టి, అంతా చెప్పిందట. ఆయన ముడి విప్పి చూసి, మళ్లీ కట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడట. అంటే ఆయనకు తెలుసు! తెలిసీ ఒక కబురు పంపలేదు. చెట్టు మీద కాయ నేల తాకితే విలవిల్లాడే మనిషి, ఒక ఆడమనిషి పరువు నేల మీద పడేసి తీయలేదు.

ప్రతి కాపుకూ అడిగాను. "అయ్యా, మా అమ్మ సంగతి" అంటే, "ఏ సంగతి? లోడు చూడు అబ్బీ" అనేవాడు. అమ్మను మళ్లీ తోటకు రమ్మంటే, "ఆ నీళ్లు తాగాలని ఉందిరా. ఆ గేటు దాటాలని లేదు" అనేది. అలా అరవైలు చివరికి వచ్చాయి. నాన్న పోయాడు. అమ్మ కళ్లు మళ్లీ సగానికి మూతపడ్డాయి.

ఆ ఏడు ఒక మధ్యాహ్నం, లారీ సగం నిండాక, నేను గంప దించేసి గేటుకు అడ్డంగా కూర్చున్నాను. జట్టంతా ఆగిపోయింది. వాళ్లలో సగం మంది ఆనాటి వాళ్లే. డ్రైవరు గడ్డం పట్టుకుని బతిమాలాడు. "లేవరా, ఎండకి కాయ మగ్గిపోద్దిరా!" నేను లేవలేదు. షావుకారు గొడుగు వేసుకుని పాకలోంచి వచ్చాడు. ముసలివాడయ్యాడు ఆయన కూడా.

"ఏంటయ్యా ఇది?"

"ఇదే గేటు దగ్గర మా అమ్మను ఒక మాట అన్నారు. దాన్ని వెనక్కి తీసుకుంటే లేస్తాను."

లోడు చూడమంటాడనుకున్నాను. ఆయన జట్టు వంక చూశాడు, నా వంక చూశాడు. గొడుగు మూసేసి, ఎండలోనే నిలబడి అన్నాడు:

"మీ అమ్మ దొంగ కాదని నాకు మర్నాడు పొద్దున్నే తెలుసయ్యా. అది చెప్పడానికి ఇన్ని కాపులు పట్టింది నాకు. ఆమెను తీసుకురా. మిట్టమధ్యాహ్నం తీసుకురా, దీపాలు పెట్టకముందు. ఏం ఇచ్చావమ్మా అని వీళ్లందరి ముందూ మళ్లీ అడుగుతాను, గట్టిగా చెప్పమను."